లఫాయెత్ 1792లో సరిహద్దు ఎందుకు దాటాడు?

మీరడిగినవి రెండు ప్రశ్నలు. అమెరికా వాళ్ళు నెత్తిన పెట్టుకునే ఫ్రెంచి సేనాని లఫాయెత్, సొంత దేశం ఫ్రాన్సులో విప్లవం నడుస్తుండగా, ఒక సైన్యానికి అధిపతిగా ఉండి కూడా 1792 ఆగస్టులో శత్రువు ఉన్న వైపు ఎందుకు వెళ్ళిపోయాడన్నది మొదటిది. రాజు పదహారో లూయీని కాపాడబోయి అంత తెచ్చుకున్న మనిషిని, ఆ రాజుకు బంధువులైన ఆస్ట్రియా వాళ్ళూ, వాళ్ళకు తోడైన జర్మన్ రాజ్యం ప్రష్యా వాళ్ళూ అయిదేళ్ళు చెరలో ఎందుకు ఉంచారన్నది రెండోది. ఈ విషయం ఎత్తగానే "ఆయన గోడమీద పిల్లి, అంతే" అని కొట్టిపారేసేవాళ్ళు చాలామంది ఉంటారు. డిగ్రీ పిల్లలకు యూరప్ చరిత్ర చెప్పినన్నాళ్ళూ ఈ మాట వింటూనే ఉన్నాను. అది నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఎందుకో వివరంగా చెప్తాను.

గోడమీద పిల్లి గెలిచేవాడి వైపు దూకుతుంది. లఫాయెత్ చేతిలో పారిస్‌లో దాదాపు 30 వేల మంది సాయుధులున్న రోజుల్లో కూడా ఆయన గెలిచేవాడి వైపు దూకలేదు, తనే గద్దె ఎక్కనూ లేదు. ఆయన పట్టుకున్నది ఒకటే సూత్రం: ఆయుధం పట్టినవాడు ఎన్నికైన సభ చేసిన చట్టానికి లోబడి ఉండాలి. రాజు మాటకీ కాదు, వీధిలో గుమిగూడిన జనం మాటకీ కాదు. ఆయన్ని పైకి తెచ్చింది ఆ సూత్రమే, ముంచిందీ అదే. అయితే ఆ సూత్రాన్ని ఆయనే రెండుసార్లు తప్పాడు. 1791 జులైలో ఒకసారి, 1792 జూన్‌లో ఇంకోసారి. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ రెండు సందర్భాల్లోనే ఉంది.

ముందు నేపథ్యం, త్వరగా. 1757 సెప్టెంబరు 6న ఫ్రాన్సు నడిబొడ్డున ఓవెర్న్ కొండసీమలో, షావన్యాక్ అనే కోటలో పుట్టాడు. రెండేళ్ళైనా నిండకముందే తండ్రి మిండెన్ యుద్ధంలో ఇంగ్లీషు వాళ్ళ చేతిలో చనిపోయాడు. 1770లో కొన్ని వారాల తేడాతో తల్లి, ఆమె తండ్రి కూడా పోవడంతో పన్నెండేళ్ళ కుర్రాడికి పెద్ద ఆస్తి వచ్చిపడింది. 1774లో రాజ్యంలోకెల్లా పలుకుబడి గల కుటుంబాల్లో ఒకటైన నొవాయ్‌ల అమ్మాయి ఆడ్రియెన్‌తో పెళ్ళి జరిగింది. అప్పుడు ఆయనకు 16 ఏళ్ళు, ఆమెకు 14. ఈ ఆడ్రియెన్‌ను గుర్తుంచుకోండి, కథ చివర్లో ఆమె ముందుకొస్తుంది.

1777లో సొంత డబ్బుతో ఓడ కొని, రాజు వద్దంటున్నా వినకుండా స్పెయిన్ రేవు నుంచి బయల్దేరి అమెరికా చేరాడు. ఇరవయ్యేళ్ళు నిండకముందే మేజర్ జనరల్ హోదా ఇచ్చారు. బ్రాండీవైన్ దగ్గర కాలికి తూటా తగిలింది. 1781లో వర్జీనియాలో ఇంగ్లీషు సేనాని కారన్‌వాలిస్‌ను వెన్నాడి, యార్క్‌టౌన్‌లో చిక్కుకునేలా చేసినవాళ్ళలో ఈయన ఒకడు. మన స్కూలు పుస్తకాల్లో శాశ్వత శిస్తు పద్ధతి పేరుతో కనిపించే కారన్‌వాలిస్ ఈయనే. అక్కడ ఓడిపోయి, అయిదేళ్ళకు గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. ఆయన బెంగాల్లో పెట్టిన జమీందారీ ఏర్పాటునే 1802 నుంచి ఉత్తర సర్కార్లలోనూ దింపారు.

అమెరికా యుద్ధం గురించి ఇంతకంటే చెప్పను, అది అందరికీ తెలిసిందే. ఒక్క సంగతి మాత్రం మన ప్రశ్నకు కావాలి. 1783 డిసెంబరులో వాషింగ్టన్ తన సేనాధిపతి పదవిని కాంగ్రెస్‌కు తిరిగి అప్పగించి పొలానికి వెళ్ళిపోయాడు. గెలిచిన సైన్యం చేతిలో ఉన్న మనిషి దాన్ని ఎన్నికైన సభ ముందు పెట్టి దండం పెట్టడమన్నది ఆ కాలానికి వింతల్లో వింత. వాషింగ్టన్‌ను తండ్రిలా చూసుకున్న లఫాయెత్ మనసులో ఆ దృశ్యం నాటుకుపోయింది. తన కొడుక్కి జార్జి వాషింగ్టన్ అని పేరు పెట్టుకున్నాడు. తర్వాత పారిస్‌లో ఆయన వేసిన ప్రతి అడుగు వెనకా ఆ నమూనా ఉంది. కాకపోతే వాషింగ్టన్ చేతిలో ఉన్నది పరాయి శత్రువుతో పోరాడిన సైన్యం. లఫాయెత్‌కు దక్కింది ఆకలితో, అనుమానంతో ఉడుకుతున్న నగరానికి కాపలా.

1789లో ఓవెర్న్ ప్రభువర్గం తరఫున ఎస్టేట్స్ జనరల్‌కు, అంటే మతగురువులు, ప్రభువులు, సామాన్యుల ప్రతినిధుల సభకు ఎన్నికయ్యాడు. జులై 11న, అంటే పారిస్‌లోని బాస్టిల్ జైలుకోట జనం చేతిలో పడిపోవడానికి మూడు రోజుల ముందు, మానవ హక్కుల ప్రకటన ముసాయిదాను మొట్టమొదట సభ ముందు పెట్టింది ఆయనే. అప్పుడు పారిస్‌లో అమెరికా రాయబారిగా ఉన్న జెఫర్సన్‌తో దాని గురించి చర్చించాడు కూడా. ఈ జెఫర్సనే అంతకు రెండేళ్ళ ముందు మాడిసన్‌కు రాసిన ఉత్తరంలో, లఫాయెత్‌కున్న బలహీనత జనాదరణ కోసం, కీర్తి కోసం విపరీతమైన ఆకలి అన్నాడు. ఇష్టపడే స్నేహితుడు రాసిన మాట కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఈ ఆకలి కూడా కథలో పనిచేసింది.

జులై 15న పారిస్ పౌరులు ఆయన్ని నగర రక్షక దళానికి అధిపతిగా ఎన్నుకున్నారు. అదే నేషనల్ గార్డు. రాజు నియమించలేదు, సభా నియమించలేదు, చప్పట్లు కొట్టి ఎన్నుకున్నారు. జీతం తీసుకోనన్నాడు. నగరంలోని 60 జిల్లాలకు జిల్లాకో బెటాలియన్ చొప్పున దళం కట్టాడు. పారిస్ రంగులైన నీలం, ఎరుపులకు రాజుగారి తెలుపు కలిపి మూడు రంగుల బిళ్ళను ఇచ్చాడు. నేటి ఫ్రాన్సు జెండా అక్కడి నుంచి వచ్చిందే. బాస్టిల్ తాళంచెవిని 1790లో థామస్ పెయిన్ ద్వారా వాషింగ్టన్‌కు పంపించాడు. అది ఇప్పటికీ మౌంట్ వెర్నన్‌లో గోడకు ఉంది.

ఈ గార్డు సంగతి ఒకటి ముందే తెలియాలి. యూనిఫారం ఎవరిది వాళ్ళే కుట్టించుకోవాలి. దానికి ఖర్చవుతుంది. కొద్ది కాలానికి, పన్ను కట్టే స్తోమత ఉండి ఓటు హక్కున్న "క్రియాశీల పౌరులు" మాత్రమే ఇందులో చేరొచ్చని చట్టం వచ్చింది. అంటే దుకాణదారులు, వకీళ్ళు, చేతివృత్తుల్లో కాస్త స్థిరపడ్డ యజమానులు. రొట్టె ధర పెరిగితే వీధిలోకి వచ్చేది వేరే జనం. వీళ్ళిద్దరి మధ్య దూరం 1789లో కనపడలేదు, 1791లో తుపాకీ గుండులా బయటపడింది.

పదవిలోకి వచ్చిన వారానికే మొదటి దెబ్బ తగిలింది. జులై 22న ఫులాన్, ఆయన అల్లుడు బెర్తియే అనే ఇద్దరు అధికారుల్ని జనం పట్టుకొచ్చారు. ధాన్యం దాచిపెట్టి జనాన్ని మాడ్చారని ఆరోపణ. వాళ్ళను కోర్టుకు పంపుదామని లఫాయెత్ సిటీ హాల్లో నిలబడి బతిమాలాడు. ఎవరూ వినలేదు. ఇద్దర్నీ చంపి తలలు ఈటెలకు గుచ్చి ఊరేగించారు. మర్నాడే రాజీనామా చేశాడు. జిల్లాల వాళ్ళు వచ్చి కాళ్ళావేళ్ళా పడితే తిరిగి ఒప్పుకున్నాడు. తన అధికారం తన మాట వినేవాళ్ళు ఉన్నంతవరకేనని ఆయనకు తెలిసొచ్చింది ఆ రోజే.

అక్టోబరు 5 దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే లఫాయెత్ ఇరుక్కున్న పరిస్థితి అంతా ఆ ఒక్క రోజులో ఉంది. పొద్దున్నే రొట్టె కోసం మార్కెట్ ఆడవాళ్ళు సిటీ హాల్లో చొరబడి, అక్కడి నుంచి వానలో సుమారు 20 కిలోమీటర్లు నడిచి వర్సాయికి బయల్దేరారు. వాళ్ళ వెనకే గార్డు సిపాయిలు గ్రేవ్ చౌకులో గుమిగూడి, మేమూ వెళ్తాం, నువ్వే నడిపించు అన్నారు. లఫాయెత్ గుర్రం మీద కూర్చుని గంటల తరబడి కుదరదన్నాడు. సాయుధ దళం రాజు ఇంటి మీదికి వెళ్ళడమంటే తిరుగుబాటే కదా. వెళ్ళకపోతే దళం తనను పక్కకు నెట్టి తనంతట తనే వెళ్తుంది, అప్పుడు పట్టపగ్గాలుండవు. చివరికి నగర పాలక సభ నుంచి రాతపూర్వకంగా ఆజ్ఞ తెప్పించుకుని సాయంత్రం కదిలాడు. తన సైనికులకు నాయకుడో, వాళ్ళ ఖైదీయో తెలియని స్థితిలో వెళ్ళాడు. నేనైతే ఖైదీయే అంటాను. కానీ ఆ స్థితిలో కూడా చేతిలో ఆజ్ఞాపత్రం లేకుండా కదలనన్నాడు చూడండి, ఆయన స్వభావం అక్కడుంది.

అర్ధరాత్రి కావస్తుండగా వర్సాయి చేరాడు. రాజును కలిసి, భవనం బయటి కాపలా తన దళానికి తీసుకుని, లోపలి కాపలా రాజుగారి అంగరక్షకులకే వదిలి, తెల్లవారుజామున నడుం వాల్చాడు. సరిగ్గా అప్పుడే తెరిచి ఉన్న ఒక గేటు గుండా జనం లోపలికి దూరి రాణి పడకగది దాకా వెళ్ళారు. ఇద్దరు అంగరక్షకుల్ని చంపారు. రాణి మేరీ ఆంటోనెట్ వెనక దారిన రాజు గదుల్లోకి పరిగెత్తి బతికింది. లఫాయెత్ ఉరికొచ్చి మిగతా అంగరక్షకుల్ని జనం చేతుల్లోంచి విడిపించాడు. తర్వాత రాణిని బాల్కనీలోకి రమ్మని కింద నుంచి కేకలు. పిల్లల్ని పట్టుకుని వస్తే, పిల్లలొద్దు, ఒక్కతే రావాలన్నారు. కింద తుపాకులున్నాయి. ఆమె ఒంటరిగా నిలబడింది. ఆ గోలలో మాట వినపడదని తెలిసి లఫాయెత్ ఆమె ముందు వంగి చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. జనం ఒక్క క్షణం తటపటాయించి, తర్వాత జై కొట్టారు. ఆ పైన ఒక అంగరక్షకుణ్ణి ముందుకు తెచ్చి, మూడు రంగుల బిళ్ళ పెట్టి కౌగిలించుకున్నాడు.

ఆ ముద్దుతో రాణి ప్రాణం దక్కింది. రాజపక్షం మాత్రం ఆయన్ని ఎప్పటికీ క్షమించలేదు. రాజు ఇంటి మీద దాడి జరుగుతుంటే నిద్రపోయిన జనరల్ అని జీవితాంతం ఎగతాళి చేశారు. రాజుగారి వంశానికి పుట్టెడు అవమానం తెచ్చి, పారిస్‌కు ఈడ్చుకొచ్చి, ట్విలరీ భవనంలో కాపలా పెట్టిన జైలరు ఈయనేనని రాణి నమ్మింది. మీ రెండో ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది.

1790 జులై 14 ఆయన జీవితంలో ఎత్తైన రోజు. షాం ద మార్స్ మైదానంలో, కుండపోత వానలో, దేశం నలుమూలల నుంచి వచ్చిన గార్డు ప్రతినిధుల తరఫున దేశానికీ, చట్టానికీ, రాజుకూ విధేయులమై ఉంటామని ప్రమాణం చేశాడు. ఆ రోజు ఆయన కోరితే ఏ పదవైనా దక్కేది. దేశమంతటి గార్డుకూ అధిపతి అయ్యే అవకాశం ఉంటే, ఒక మనిషి చేతిలో ఒక డిపార్ట్‌మెంటుకు (దేశంలోని ఒక పరిపాలనా విభాగానికి) మించి దళం ఉండకూడదని ఆయనే సభలో ప్రతిపాదించాడు. అంతకు నెల ముందే సభ బిరుదులు రద్దు చేస్తే, మార్క్విస్ అన్న మాట మానేసి ఉత్త లఫాయెత్ అని సంతకం పెట్టడం మొదలెట్టాడు. పదవీకాంక్ష అనేవాళ్ళు ఈ సంవత్సరానికి సమాధానం చెప్పాలి.

అదే ఏడు ఆగస్టులో నాన్సీ పట్టణంలో సైనికులు జీతం లెక్కల మీద ఎదురుతిరిగితే, ఆయన బంధువు బుయ్యే అనే జనరల్ దారుణంగా అణిచేశాడు. ఇరవై మందికి పైగా ఉరి, ఒకణ్ణి చక్రానికి కట్టి చంపడం, 41 మందికి ఓడల్లో వెట్టిశిక్ష. క్రమశిక్షణ పేరుతో లఫాయెత్ దాన్ని సమర్థించాడు. పారిస్‌లోని పేద వర్గం, మరా లాంటి పత్రికల వాళ్ళు ఆయనకు పూర్తిగా ఎదురుతిరగడం అప్పటి నుంచే.

ఆ తర్వాత దళం మీద ఆయన పట్టు ఎలా సడలిందో చూపించే రోజు 1791 ఏప్రిల్ 18. రాజకుటుంబం ఈస్టర్‌కు సాఁ క్లూ భవనానికి బయల్దేరితే, పారిపోతున్నారన్న అనుమానంతో జనం బండికి అడ్డం నిలిచారు. దారి ఇవ్వమని లఫాయెత్ తన సిపాయిలకు ఆజ్ఞ ఇచ్చాడు. వాళ్ళు కదల్లేదు. రెండు గంటలకు పైగా బండిలో కూర్చుని రాజు తిరిగి లోపలికి వెళ్ళాడు. చట్టప్రకారం రాజుకు వెళ్ళే హక్కుంది, చట్టం అమలు చేయాల్సిన దళం చెయ్యనంది. లఫాయెత్ మళ్ళీ రాజీనామా, మళ్ళీ బతిమాలడం, మళ్ళీ వెనక్కి రావడం.

రెండు నెలలకు రాజు నిజంగానే పారిపోయాడు. జూన్ 20 రాత్రి లఫాయెత్, మేయర్ బయ్యీ ఇద్దరూ రాజు పడుకునే వేళ దాకా ఆయన దగ్గరే ఉన్నారు. వాళ్ళు వెళ్ళాక రాజు నౌకరు వేషంలో కాపలా లేని గుమ్మం గుండా జారుకున్నాడు. సరిహద్దు దగ్గర ఆయన కోసం దళాలతో ఎదురుచూస్తున్నది ఎవరనుకున్నారు? నాన్సీలో సైనికుల్ని ఉరితీసిన బుయ్యేనే. రాజు కాపలాకు తన తల పూచీ అని అంతకుముందు అన్నవాడు లఫాయెత్. మర్నాడు తీవ్ర విప్లవవాదుల సంఘమైన జాకోబిన్ క్లబ్బులో దాంతోన్ అనే నాయకుడు లేచి, నువ్వు ద్రోహివైనా అయి ఉండాలి, చేతకానివాడివైనా అయి ఉండాలి, తేల్చు అన్నట్టుగా నిలదీశాడు.

పొద్దున కబురు తెలియగానే లఫాయెత్ చేసిన పని నా దృష్టిలో చాలా ముఖ్యమైనది. సభ ఇంకా కూడలేదు. మేయర్‌ను, ఆ నెల సభాధ్యక్షుడైన బోఆర్నేను అడిగాడు: అంతర్యుద్ధం తప్పాలంటే రాజును వెనక్కి తేవాలంటారా? అవునన్నారు. అయితే బాధ్యత నాదని అప్పటికప్పుడు ఆజ్ఞ రాయించి గుర్రపు రౌతుల్ని తోలాడు. రాజును విప్లవ శత్రువులు ఎత్తుకుపోయారని అందులో రాశాడు. అది అబద్ధమని ఆయనకూ తెలుసు. రాజు రాజుగానే ఉండి రాజ్యాంగం నిలబడాలంటే ఆ అబద్ధం కావాల్సొచ్చింది. (ఈ బోఆర్నే భార్య జోసఫీనే తర్వాత నెపోలియన్‌ను పెళ్ళి చేసుకుంది. బోఆర్నేది కూడా ఇలాంటి కథే. ప్రభువు, సైనికుడు, సభాధ్యక్షుడు, రైన్ సేనకు జనరల్. 1794 జులై 23న తల నరికే యంత్రమైన గిలటిన్‌కు బలయ్యాడు.)

రాజు దారిలో వారెన్ అనే ఊళ్ళో పట్టుబడి జూన్ 25న పారిస్‌కు వచ్చాడు. దారిపొడవునా జనం టోపీ తీయలేదు. గార్డు సిపాయిలు చావు ఊరేగింపులో లాగా తుపాకులు తలకిందులుగా పట్టుకుని నిలబడ్డారు.

ఇక 1791 జులై 17. ఇక్కడ లఫాయెత్‌ను నేను వెనకేసుకు రాను. రాజు తప్పేం లేదని సభ తేల్చింది. ఒప్పుకోనివాళ్ళు షాం ద మార్స్ మైదానంలో, ఏడాది కిందట ఆయన ప్రమాణం చేసిన అదే వేదిక మీద, అర్జీ పెట్టి సంతకాలు చేయిస్తున్నారు. వేలమంది వచ్చారు, కుటుంబాలతో వచ్చారు. పొద్దున వేదిక కింద దాక్కున్న ఇద్దర్ని గూఢచారులనుకుని ఎవరో చంపేశారు. ఆ సాకుతో సభ ఒత్తిడి చేసింది, బయ్యీ సైనిక శాసనం ప్రకటించాడు. ఎర్ర జెండా ఎత్తి, సాయంత్రం దళాలు మైదానంలోకి దిగాయి. రాళ్ళు పడ్డాయి, ఒక తుపాకీ పేలింది. చట్టప్రకారం మూడుసార్లు హెచ్చరించి, అప్పటికీ కదలకపోతేనే కాల్చాలి. ఆ హెచ్చరికలు పూర్తి కాలేదు. సిపాయిలు వేదిక మెట్ల మీదున్న జనం మీద కాల్చారు. చనిపోయినవాళ్ళు డజను నుంచి యాభై దాకా అని లెక్కలు రకరకాలుగా ఉన్నాయి.

ఆయన కాల్చమన్నాడా లేదా అన్న వాదనలోకి నేను వెళ్ళను. దళాధిపతి ఆయన. చట్టం రాసిన మాట ప్రకారమే నడుస్తానన్న మనిషి, ఆ చట్టం పెట్టిన షరతు తన కళ్ళముందే తప్పినప్పుడు దళాన్ని ఆపలేకపోయాడు. పైగా అర్జీ పెట్టుకోవడం ఆయనే రాసిన హక్కుల స్ఫూర్తిలో ఉన్న పని. కాల్చినవాళ్ళు ఓటు హక్కున్నవాళ్ళు, చచ్చినవాళ్ళలో ఎక్కువమందికి అది లేదు. నేను ముందు చెప్పిన దూరం బయటపడింది ఇక్కడే. మేయర్ బయ్యీ దీనికి 1793 నవంబరులో మూల్యం చెల్లించాడు. గిలటిన్ ఎక్కించే ముందు ఆయన్ని కావాలనే షాం ద మార్స్‌కు తీసుకెళ్ళి, ఆ ఎర్ర జెండాను కళ్ళముందే కాల్చారు. లఫాయెత్ అప్పటికి ప్రష్యా చెరలో ఉన్నాడు కాబట్టి బతికిపోయాడు.

రాజ్యాంగం ఆ సెప్టెంబరులో అమల్లోకి రాగానే, అక్టోబరు 8న గార్డు పదవి వదిలేసి ఓవెర్న్ వెళ్ళిపోయాడు. వాషింగ్టన్ చేసినట్టే. నవంబరులో పారిస్ మేయర్ పదవికి స్నేహితులు నిలబెడితే, జాకోబిన్ పెతియోన్ చేతిలో రెట్టింపు పైచిలుకు తేడాతో ఓడాడు. రాణి పక్షం కూడా ఈయన కంటే ఆ జాకోబినే నయమనుకుంది. రెంటికీ చెడ్డ రేవడి అంటామే, అదీ.

డిసెంబరులో సరిహద్దున మూడు సేనల్లో ఒకదానికి అధిపతిని చేశారు. 1792 ఏప్రిల్‌లో ఆస్ట్రియా మీద యుద్ధం మొదలైంది, మొదట్లోనే ఎదురుదెబ్బలు తగిలాయి. జూన్ 16న శిబిరం నుంచి సభకు ఉత్తరం రాశాడు. జాకోబిన్ క్లబ్బు రాజ్యంలో రాజ్యంగా తయారైంది, దాన్ని అణచమని. నాలుగు రోజులకు పారిస్ జనం ట్విలరీలో చొరబడి రాజు నెత్తిన విప్లవ చిహ్నమైన ఎర్ర టోపీ పెట్టారు. జూన్ 28న లఫాయెత్ యుద్ధరంగం వదిలి స్వయంగా సభలో ప్రత్యక్షమయ్యాడు. అప్పుడు గాదే అనే సభ్యుడు ఒకే ప్రశ్న వేశాడు: యుద్ధం నడుస్తుండగా సైన్యాన్ని వదిలి రావడానికి మంత్రి సెలవిచ్చాడా?

ఇవ్వలేదు. ఇది ఆయన రెండో తప్పు, ఇదే ఆయన్ని ముంచింది. సైనికుడు చట్టసభకు లోబడాలని మూడేళ్ళు చెప్పిన మనిషి, సెలవు లేకుండా కత్తి కట్టుకుని వచ్చి ఏ క్లబ్బును మూయాలో చట్టసభకు చెప్తున్నాడు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఈ పని రేపు ఇంకో జనరల్ చేస్తే ఎలా ఉంటుందో ఏడేళ్ళకే, 1799లో, సైన్యం అండతో అధికారం లాక్కుని నెపోలియన్ బోనపార్టు చూపించాడు. సభలో మెజారిటీ లఫాయెత్‌ను సమర్థించింది, వీధిలో ఎవరూ కలిసి రాలేదు. గార్డును కూడగట్టి జాకోబిన్ల మీదికి నడుద్దామనుకుంటే పట్టుమని కొంతమందీ రాలేదు. రాజును కాంపియేన్ తీసుకెళ్ళి సైన్యం రక్షణలో ఉంచుతానని కబురు పెట్టాడు. లఫాయెత్ చేతుల మీదుగా బతకడం కంటే చావడం మేలని రాణి అన్నదట. ఆ మాట అక్షరాలా అన్నా అనకపోయినా, ఆ సాయం మాత్రం వాళ్ళు వద్దన్నారు.

ఆగస్టు 8న ఆయన మీద అభియోగం పెట్టాలన్న ప్రతిపాదనను సభ 224కు వ్యతిరేకంగా 406 ఓట్లతో కొట్టేసింది. పారిస్‌ను అది ఇంకా రెచ్చగొట్టింది. ఆగస్టు 10న ట్విలరీ పడిపోయింది, రాజు ఖైదీ అయ్యాడు, 1791 రాజ్యాంగం ఆ రోజుతో చచ్చింది. సెడాన్‌లో ఉన్న లఫాయెత్ కొత్త ఏర్పాటును ఒప్పుకోనన్నాడు. పారిస్ నుంచి వచ్చిన సభ ప్రతినిధుల్ని నిర్బంధంలో పెట్టించాడు. సైన్యం చేత పాత రాజ్యాంగానికి ప్రమాణం చేయించబోతే చాలామంది చెయ్యలేదు. ఆగస్టు 19న సభ ఆయన మీద అభియోగం పెట్టింది. అదే రోజు కొద్దిమంది అధికారులతో సరిహద్దు దాటాడు.

ఇప్పుడు మీ ప్రశ్న: ఇది ద్రోహమా? ఒక పోలిక చూడండి. ఆయన స్థానంలో వచ్చిన ద్యుమురియే 1793 ఏప్రిల్‌లో ఏం చేశాడు? ముందే ఆస్ట్రియా సేనాపతులతో మాట్లాడుకున్నాడు, తనను అరెస్టు చేయడానికి వచ్చిన యుద్ధమంత్రిని, నలుగురు ప్రతినిధుల్ని శత్రువుకు పట్టి ఇచ్చాడు, పారిస్ మీదికి సేనను నడపబోయాడు, కుదరక పారిపోయాడు. లఫాయెత్ శత్రువుతో ఏ బేరమూ ఆడలేదు, ఎవర్నీ పట్టి ఇవ్వలేదు, రహస్యాలు అమ్మలేదు. ఆయన వదిలి వెళ్ళిన సేన చెక్కుచెదరకుండా ఉంది. నెల తిరిగేసరికి సెప్టెంబరు 20న వాల్మీ దగ్గర ప్రష్యా వాళ్ళను ఆపినవాటిలో ఆ సేన కూడా ఉంది. ద్రోహమంటే శత్రువుకు లాభం చేయడం. ఆయన శత్రువుకు చేసిన లాభమేమీ లేదు. జూన్‌లో చేసిన దానికి సైనిక నేరం కింద విచారించినా నాకు అభ్యంతరం లేదు. ఆగస్టులో ఆయన చేసింది మాత్రం తల కాపాడుకోవడమే.

ఇక రెండో ప్రశ్న. రోష్‌ఫోర్ అనే ఊరి దగ్గర ఆస్ట్రియా కాపలాదారులకు చిక్కినప్పుడు, మేము మీతో పోరాడటానికి రాలేదు, మీ పక్షాన చేరడానికీ రాలేదు, తటస్థ దేశానికి దారి ఇవ్వండి అన్నాడు. వాళ్ళ లెక్క వేరు. రాజులందరి కళ్ళకు ఈయన విప్లవానికి పునాది వేసినవాడు. హక్కుల ప్రకటన రాసినవాడు, రాజును వర్సాయి నుంచి లాక్కొచ్చినవాడు, వారెన్ నుంచి పట్టి తెప్పించినవాడు. మేరీ ఆంటోనెట్ ఆస్ట్రియా ఆడపడుచు. జాకోబిన్ల నాయకుడు రోబెస్పియర్ వాళ్ళకు దొరకలేదు, ఈయన దొరికాడు. పైగా వాళ్ళలో కొందరికి రోబెస్పియర్ కంటే ఇతనే ప్రమాదం అనిపించింది. రక్తం పారించేవాణ్ణి చూస్తే జనం భయపడతారు, రాజు మీద కూడా చట్టం ఉంటుందని మర్యాదగా చెప్పేవాణ్ణి చూస్తే అనుకరిస్తారు. ఇది నా ఊహ మాత్రమే కాదు. ఫ్రాన్సు రాజు మళ్ళీ అధికారంలోకి వచ్చి శిక్ష నిర్ణయించేదాకా ఇతన్ని ఉంచుతామన్న ధోరణిలోనే వాళ్ళ జవాబు ఉంది.

వేసెల్, మాగ్డెబర్గ్, నైసె అని ప్రష్యా కోటలు తిప్పి, 1794లో ఆస్ట్రియాకు అప్పగించారు. ఇప్పటి చెక్ దేశంలో ఉన్న ఓల్మ్యుట్జ్ కోటలో పడేశారు. అక్కడ ఖైదీకి పేరుండదు, నంబరే. కత్తి, ఫోర్కు ఇవ్వరు, చేత్తోనే తినాలి. ఆ నవంబరులో ఇద్దరు యువకులు తప్పించబోయారు. ఒకడు బోల్మన్ అనే డాక్టరు. రెండోవాడు హ్యూగర్, 1777లో లఫాయెత్ అమెరికా గడ్డ మీద మొదట అడుగుపెట్టిన ఇంటి యజమాని కొడుకు. తప్పించుకున్న లఫాయెత్ దారి తప్పి మళ్ళీ దొరికాడు.

ఇక ఆడ్రియెన్. 1794 జులై 22న ఆమె నానమ్మను, తల్లిని, అక్కను ఒకే రోజు గిలటిన్‌కు పంపారు. ఆమె కూడా జైల్లోనే ఉంది, రోబెస్పియర్ పడిపోవడంతో బతికింది. 1795 మొదట్లో విడుదల కాగానే కొడుకును అమెరికా పంపి, ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకుని వియన్నా వెళ్ళి చక్రవర్తిని కలిసింది. భర్తను విడిపించమంటే కుదరదన్నాడు. అయితే నన్నూ ఆయనతో పాటు బంధించండి అంది. అక్టోబరులో ముగ్గురూ ఓల్మ్యుట్జ్ చెరలో చేరారు. అక్కడ ఆమె ఆరోగ్యం దెబ్బతింది. వైద్యం కోసం వియన్నా వెళ్ళొచ్చు, కానీ తిరిగి లోపలికి రానివ్వం అంటే, వెళ్ళనంది. ఈ కబురు యూరప్ అంతా పాకింది. అంతవరకూ లఫాయెత్‌ను గుర్తుచేసుకోని లండన్, పారిస్, ఫిలడెల్ఫియాల్లో జనం మాట్లాడటం మొదలెట్టారు. ఆయన విడుదలకు ఏ జనరల్ చేసినదానికన్నా ఆమె చేసిందే ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను. 1797 సెప్టెంబరు 19న, ఇటలీలో గెలిచిన బోనపార్టు సంధి షరతుల్లో భాగంగా అడిగాక, వదిలిపెట్టారు. ఆడ్రియెన్ ఆరోగ్యం మళ్ళీ కోలుకోలేదు. 1807లో చనిపోయింది.

తనను విడిపించిన బోనపార్టుకు ఆయన రుణపడి ఊరుకోలేదు. సెనేట్ పదవి ఇస్తానంటే వద్దన్నాడు. 1802లో బోనపార్టుకు జీవితకాల కాన్సల్ (ప్రభుత్వాధినేత) పదవి ఇవ్వడానికి వ్యతిరేకంగా బహిరంగంగా ఓటేశాడు. 1815లో వాటర్లూ ఓటమి తర్వాత గద్దె దిగమని సభలో పట్టుబట్టినవాళ్ళలో ముందున్నాడు. చెర ఆయన సూత్రాన్ని మార్చలేదని చెప్పడానికి ఇవి చాలు.

బానిసత్వం గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఆయన పేరు ఎత్తితే దీన్ని వదిలేస్తారు. 1785 ప్రాంతంలో దక్షిణ అమెరికాలోని కయెన్‌లో తోటలు కొని, అక్కడి బానిసలకు కూలి ఇచ్చి, చదువు చెప్పించి, మెల్లగా స్వేచ్ఛ ఇవ్వాలని పథకం వేశాడు. ఆ పని ఎక్కువగా చూసుకున్నది ఆడ్రియెనే. ఆయన దేశం దాటాక ప్రభుత్వం ఆస్తి జప్తు చేసి, వాళ్ళను మళ్ళీ అమ్మేసింది. మెల్లగా అనకుండా వెంటనే కాగితం రాసి ఉంటే వాళ్ళు స్వతంత్రులయ్యేవారు. 1791 జులైలో కనపడ్డ లోపమే ఇక్కడా ఉంది. పద్ధతి ప్రకారం, నెమ్మదిగా, అన్నీ కుదిరాక అనుకునే మనిషి. ఆగలేని స్థితిలో ఉన్నవాళ్ళకు అది ఏమంత మేలు చెయ్యదు.

1830లో పారిస్ మళ్ళీ లేచింది. 72 ఏళ్ళ వయసులో మళ్ళీ నేషనల్ గార్డు ఆయన చేతికొచ్చింది. గణతంత్రం ప్రకటించి అధ్యక్షుడివి కమ్మన్నవాళ్ళున్నారు. జులై 31న సిటీ హాలు బాల్కనీలో లూయీ ఫిలిప్ చేతికి మూడు రంగుల జెండా ఇచ్చి, కౌగిలించుకుని, కొత్త రాజును జనం చేత ఒప్పించాడు. అయిదు నెలలు తిరక్కుండా ఆ రాజు సభ గార్డు అధిపతి పదవినే రద్దు చేసింది. లఫాయెత్ రాజీనామా ఇచ్చి ప్రతిపక్షంలో కూర్చున్నాడు, 1834 మేలో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు.